రాయికి పెట్టాలనుకున్న పేరు

మా పాళెంలో బతికున్న మనిషి పేరు పడవకు పెట్టరు. పోయిన తాతల పేర్లు, అవ్వల పేర్లు, దేవతల పేర్లు పెడతారు. ఒకే పేరు గలవి రెండు సముద్రం మీద తిరిగితే అందులో ఒకదాన్ని సముద్రం ఉంచుకుంటుందని మా వాళ్ళ నమ్మకం. చెక్క పడవలు పోయి ఫైబర్ పడవలు వచ్చాయి. గాలి ఎటు వీస్తుందో సెల్‌ఫోనులో చూసుకుని పోయే కాలం వచ్చింది. ఈ కట్టుబాటు మాత్రం పోలేదు.

ఇంకొకటి కూడా ఉంది. సముద్రం మీదికి పోయిన మనిషి రాకపోతే, శవం దొరకనంత వరకు వాణ్ణి పోయినవాళ్ళలో కలపరు. కర్మ ఎప్పుడు చేస్తారని ఆ ఇంటి వాళ్ళను ఊరి పెద్ద కూడా అడగకూడదు. ఆ ఇంటి ఆడమనిషి, తల్లి గానీ పెళ్ళాం గానీ, తన నోటితో తానే చెప్పాలి. చెప్పిన తర్వాత దర్భతో మనిషి బొమ్మ కట్టి, వాడి బట్టలు తొడిగి ఒడ్డున కాలుస్తాం. చెప్పనంత కాలం వాడు ఉన్నట్టే. పడవ ఒడ్డుకు రాగానే కూరకని తీసే చేపల్లో వాడి వాటా వాడి ఇంటికి పోతూనే ఉంటుంది.

ఆ బొమ్మలు కట్టేది నేనే. మోకాళ్ళు పాడైనప్పటి నుంచి నేను పడవ ఎక్కడం లేదు. వలలు బాగుచేస్తూ ఒడ్డునే ఉంటాను. ముళ్ళు వేసే చెయ్యి కాబట్టి ఈ పని కూడా నా మీదనే పడింది.

మా అన్న కొడుకు పెంచలకృష్ణ, వాడితో పడవలో పోయే కామాక్షయ్య, ఇద్దరూ ఒక కార్తీక మాసంలో వల వేయడానికి పోయి మళ్ళీ రాలేదు. నాలుగేళ్ళు దాటింది. మనుషులూ దొరకలేదు, పడవా దొరకలేదు. కొన్నాళ్ళకు ఒక డీజిల్ డబ్బా ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అది మన పడవలోదేనని కొందరు, కాదని కొందరు. మా అన్న అంతకు ముందే పోయాడు. ఇంట్లో మిగిలింది మా వదిన ఆదిశేషమ్మ, కూతురు ఉష. కామాక్షయ్య ఇంట్లో వాడి పెళ్ళాం పోలేరమ్మ, వాడి ముసలి తల్లి.

రాయి సంగతి వీటన్నిటికంటే ముందే మొదలైంది.

ఉష అప్పుడు తొమ్మిదో తరగతి. బళ్ళో సైన్సు చెప్పే పరంజ్యోతి సారు కొత్తగా వచ్చాడు. కుదురుగా కూర్చోలేని మనిషి. విదేశంలో ఒక సంస్థ, కొండ మీద పెద్ద దుర్భిణితో తీసిన ఆకాశం ఫోటోలు బడిపిల్లలకు పంపుతుందట. వాటిల్లో ఆకాశంలో తిరిగే, ఎవరూ చూడని రాళ్ళేమన్నా ఉన్నాయేమో పిల్లలు వెతకాలి. బళ్ళో కంప్యూటర్లు ఉన్నాయి గానీ నెట్ రాదు. అందుకని సారు పిల్లలను ఆదివారాలు కావలికి, ఆయనకు తెలిసిన ఇంటర్నెట్ షాపుకు రమ్మనేవాడు. ఉషను పెంచలకృష్ణ బండి మీద తీసుకుపోయేవాడు. ఒక ఆదివారం వల దారం కొనాల్సి ఉండి నేనూ వెనక ఎక్కాను.

ఒకే చోటు ఫోటోలు నాలుగు, కొంచెం కొంచెం సేపు ఆగి తీసినవి. వాటిని ఒకదాని తర్వాత ఒకటి గబగబా తిప్పుతుంటే చుక్కలన్నీ ఉన్నచోటనే ఉంటాయి. రాయి అయితే జరుగుతుంది. ఉష తెరకు ముక్కు ఆనించినట్టు కూర్చుని ఉంది.

"చూడు చిన్నాయనా, ఇదిగో."

నాకు బూడిద చల్లినట్టు కనపడింది తప్ప ఇంకేమీ తెలియలేదు.

"యాడమ్మే?" అన్నాడు పెంచలకృష్ణ.

"ఇక్కడన్నా, నా వేలు కాడ. ఇట్ట కిందికి పోతుండాది చూడు."

"నీ గోట్లో మట్టి అది. కడుక్కో, పోతుంది."

"పో అన్నా, నువ్వు చూడవు."

వాడు వంగి చాలాసేపు చూశాడు. "అవునే. పోతుండాది," అన్నాడు. తర్వాత నడుం పట్టుకుని లేచాడు. "ఈ నలుసు కోసమా తల్లీ నేను ఇంత పెట్రోలు పోసింది? ఇంతకంటే పెద్దవి రోజూ నా కాల్లో గుచ్చుకుంటుండాయి."

షాపులో ఉన్న పిల్లలంతా నవ్వారు. ఉష నవ్వలేదు. ఆ చుక్క చుట్టూ సారు చెప్పినట్టు గీత గీసింది.

కొన్ని నెలలకు ఆ సంస్థ నుంచి జవాబు వచ్చింది. ఉష చూసింది నిజంగా రాయే. దాన్ని గురించి అంతకు ముందు ఎవరూ చెప్పినట్టు తెలియదు. ప్రస్తుతానికి ఒక గుర్తు ఇచ్చారు, ఆ సంవత్సరం అంకె, దాని పక్కన ఇంగ్లీషు అక్షరాలు. సారు మిఠాయి పెట్టె తీసుకుని నేరుగా పాళేనికి వచ్చాడు. వదిన వాకిట్లో ఇసుక మీద పుల్లతో గుండ్రాలు గీశాడు. నడిమధ్యన సూర్యుడు, ఆ బయట మనం, ఇంకా బయట అంగారకుడు, అన్నిటికంటే దూరంగా గురుడు.

"ఈ అంగారకుడికీ గురుడికీ మధ్యన ఇలాంటి రాళ్ళు లక్షల్లో తిరుగుతుంటాయమ్మా. మన పిల్ల చూసింది అందులో ఒకటి. చాలా చిన్నది. మన పాళెం, ఆ సరుగుడు తోపు కలిపితే ఎంతో అంత ఉంటుందేమో. సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి నాలుగేళ్ళ పైన పడుతుంది."

"అయితే నాలుగేళ్ళకొకసారి కనపడుతుందా సారూ?" అంది వదిన.

"లేదమ్మా, మనమూ తిరుగుతుంటాం గదా. ఏడాదింబావుకో, కాస్త అటూ ఇటూ, మనకు ఎదురుగా వస్తుంది. కొన్నాళ్ళు కనపడి మళ్ళీ సూర్యుడి వెనక్కు పోతుంది."

"పోయి?"

"మళ్ళీ వస్తుంది. అలా వచ్చినప్పుడల్లా పెద్ద దుర్భిణీలున్నోళ్ళు ఎవరో ఒకరు చూసి రాసుకుంటే, కొన్నేళ్ళకు దాని దారి ఖాయమవుతుంది. అప్పుడు నంబరిస్తారు. నంబరిచ్చాక మొదట చూసినవాళ్ళు పేరు పెట్టొచ్చు."

"మా ఉషే పెడుతుందా?"

"ఉషే పెడుతుంది."

పెంచలకృష్ణ వల మడత పెడుతూ, "నీ పేరే పెట్టుకోమ్మే. ఈడ ఎట్టా నిన్ను ఎవురూ లెక్కచెయ్యరు," అన్నాడు. ఉష ఇసుక తీసి వాడి మీదికి కొట్టింది.

అది జరిగిన రెండేళ్ళకు వాడు రాకుండా పోయాడు.

వాడు పోయాక వదినకు ఆ రాయి మీద ఒకలాంటి ధ్యాస పట్టింది. సారు ఎక్కడ కనపడినా అడిగేది. "అది వచ్చిందా సారూ? చూసినారా?" ఒకసారి ఆయన అవునన్నాడు, మొన్న కనపడిందట అన్నాడు. ఆ రోజు వదిన ఇంటికి వచ్చి పండగనాడు చేసినట్టు తలస్నానం చేసింది. సూర్యుడి వెనక్కు పోయింది కూడా తిరిగి వస్తుంది కదా అని పోలేరమ్మతో చెప్పుకునేది. ఇద్దరూ గట్టు మీద కూర్చుని, మనోళ్ళు పక్కదేశం నీళ్ళలోకి పోయుంటారు, పట్టుకుని జైల్లో పెట్టుంటారు, అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. పోలేరమ్మ బొట్టు పెట్టుకునేది, చేతినిండా గాజులు వేసుకునేది. కూరకని తీసిన కవళ్ళ చేపలు గిన్నెలో పట్టుకుని ఇద్దరూ కలిసే ఇళ్ళకు పోయేవాళ్ళు.

పోయిన ఏడాది చివర సారు మళ్ళీ వచ్చాడు. ఉష కావలిలో డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. రాయి మళ్ళీ కనపడిందట, దారి దాదాపు ఖాయమయిందట, నంబరు రాబోతోందట. పేరు ఒకటి అనుకుని పెట్టుకోమన్నాడు.

"ఇంగ్లీషులో పదహారు అక్షరాలు దాటకూడదు," అన్నాడు.

ఉష వెంటనే, "పెంచలకృష్ణ," అంది.

సారు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "సరిపోతుంది. పదిహేనే."

వదిన చేటలో బియ్యం చెరుగుతోంది. చేట కింద పెట్టింది.

"మీ అన్న యాడికి పోయినాడని వాడి పేరు పెడతుండావే?"

"అదికాదు మా..."

"బతికున్నోడి పేరు పడవకే పెట్టం. దిక్కులేని రాయికి పెడతావా? నీ నోరు పడిపోను."

"అది పడవ కాదు మా."

"తిరగతా ఉండాదా లేదా?"

"తిరగతా ఉండాది."

"చుట్టూ ఏమీ లేకుండా, ఒంటిగా?"

ఉష సారు వైపు చూసింది.

"మరి పడవ కాక ఏంది?"

సారు మధ్యలో, "బతికున్నవాళ్ళ పేర్లు కూడా పెడతారమ్మా. ఆ పద్ధతిలో తప్పేమీ లేదు," అన్నాడు.

"మీకు లేదేమో సారూ. మేము సముద్రం మీదికి పోయేవాళ్ళం," అంది వదిన. మళ్ళీ చేట తీసుకుంది.

ఆ తర్వాత తల్లీ కూతుళ్ళు చాలా రోజులు సరిగా మాట్లాడుకోలేదు. ఉష సెలవులకు వచ్చినప్పుడు నా దగ్గర కూర్చుని దారం అందించేది. "ఆ పేరు ఒకసారి పెడితే ఇంక ఎవురూ తియ్యలేరు చిన్నాయనా. మనం పోయినా, ఈ పాళెం పోయినా అది తిరగతానే ఉంటుంది. ఈడ అన్న పేరు ఎవురు తలుచుకుంటుండారు చెప్పు," అనేది. గోడ అవతల వదిన వింటూనే ఉందని ఇద్దరికీ తెలుసు.

ఎండలు ముదిరేటప్పుడు టీవీలో ఒక వార్త వచ్చింది. పక్కదేశం జైల్లో ఉన్న జాలర్లను విడిచిపెట్టారు. శ్రీకాకుళం వైపు వాళ్ళట. మద్రాసులో రైలెక్కి సొంత ఊళ్ళకు పోతున్నారట. ఆ రైలు కావలిలో ఆగుతుంది. వదిన, పోలేరమ్మ ఇద్దరూ ఉతికిన చీరలు కట్టుకుని బయలుదేరారు. తోడుగా నేనూ పోయాను. పోలేరమ్మ కొంగులో ఇద్దరి ఫోటోలూ ఉన్నాయి.

రైలు ఆగింది. ఏ పెట్టెలో ఉన్నారో తెలియదు. ఇద్దరూ కిటికీల వెంట పరుగెత్తారు. నేను వెనకబడిపోయాను. నడిమి పెట్టెలో ఒక కిటికీ దగ్గర ఎండి నల్లబడిన మొహాలు కనపడ్డాయి. జుట్టు కురచగా కత్తిరించి ఉంది. పోలేరమ్మ ఫోటోలు చువ్వల్లోంచి లోపలికి పెట్టింది. అవి ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోయాయి.

"మాతో నేరమ్మా," అన్నాడు ఒకతను వాళ్ళ యాసలో, లేరని.

"వేరే జైల్లో ఏమన్నా ఉండారేమో అన్నా? జ్ఞాపకం తెచ్చుకో. ఈయన ఎత్తుగా ఉంటాడు."

అతను తల అడ్డంగా ఊపాడు. పక్కనున్న పెద్దాయన ఫోటోలు తిరిగి ఇస్తూ, "మేమే ఆఖరోళ్ళం తల్లీ. అక్కడ మన తెలుగోళ్ళు ఇంకెవురూ నేరు," అన్నాడు.

రైలు కదిలింది. లోపల నుంచి ఎవరో రెండు బిస్కెట్ ప్యాకెట్లు బయటికి అందించారు. వాళ్ళకు ఎవరో ఇచ్చినవి అయ్యుంటాయి. పోలేరమ్మ ఎందుకో వాటిని తీసుకుంది.

ఆటోలో వచ్చేటప్పుడు పోలేరమ్మ ఆపకుండా మాట్లాడుతూనే ఉంది. "వాళ్ళకేం తెలుసత్తా. జైళ్ళు ఒకటా రెండా. వాళ్ళను పెట్టింది ఒక చోట, మనోళ్ళను పెట్టింది ఒక చోట అయ్యుంటుంది. ఇంకో దేశమయినా అయ్యుంటుంది." వదిన బయటికి చూస్తూ కూర్చుంది. రొయ్యల చెరువుల మీద ఎండ మెరుస్తోంది.

మరుసటి రోజు పొద్దున నేను వల ముందు కూర్చుని ఉంటే వదిన వచ్చింది. చేతిలో పెంచలకృష్ణ గళ్ళ చొక్కా, లుంగీ ఉన్నాయి.

"చెంగయ్యా, బొమ్మ కట్టు."

నేను తలెత్తి చూశాను.

"నీళ్ళలో వాడికి చోటు లేదు, నేల మీద లేదు. ఆ రాయి మీదన్నా ఉండనీ," అంది. "పేరు పెట్టాలంటే ముందు ఇది కావాల గదా. నేను చెప్పుండాను. ఇంక నువ్వు ఏమీ అడగబాక."

దర్భ తెచ్చుకుని కట్టాను. చొక్కా తొడిగితే భుజాల దగ్గర వదులుగా ఉంది. వాడి భుజాలు వెడల్పు. ఇంకొంచెం దర్భ కూరాను. ఒడ్డున ఊరి పెద్ద చెంచురామయ్య నిలబడి చేయాల్సినవన్నీ చెప్పాడు. ఇంటి మగవాణ్ణి కాబట్టి నిప్పు నేనే పెట్టాను. దర్భ క్షణంలో అంటుకుంది. చొక్కా మాత్రం నిదానంగా కాలింది. ఉష చూడలేక పడవ వెనక్కు పోయింది. వదిన అయిపోయేదాకా చూసి, సముద్రంలో మునిగి ఇంటికి వచ్చింది. ఆ సాయంత్రమే సారుకు ఫోను చేయించి పేరు చెప్పింది. ఒక్కో అక్షరం సరిగా రాసుకున్నాడో లేదో ఉష చేత అడిగించి విన్నది.

మూడో రోజు పడవలు వచ్చాయి. కుర్రాళ్ళు కానాగంత చేపలు తీసి పోలేరమ్మ గిన్నెలో వేశారు. వదిన గిన్నె పట్టుకుని పోలేదు. అలవాటుగా ఒకడు ఆమె వాటా కూడా తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత గంపలో వేసేశాడు.

ఆ మధ్యాహ్నం పోలేరమ్మ వదిన వాకిట్లోకి వచ్చింది. ఊరికే రాలేదు.

"అత్తా, ఒక మాట చెప్పు. ఇద్దరూ ఎక్కింది ఒకే పడవ గదా?"

"అవును."

"నీ కొడుకు సచ్చిపోతే నా మొగుడు ఎట్ట బతికుండాడు?"

"నీ మొగుడి మాట నేను ఎత్తలేదమ్మే."

"నువ్వు ఎత్తే పనేముండాది. నువ్వు కాల్చిందాంట్లో నా వాడి సగం కూడా కాలింది. నీళ్ళ కాడికి పోతే ఆడోళ్ళంతా నా నుదురు చూస్తుండారు. ఈ బొట్టు ఇంకా ఎందుకని చూస్తుండారు. నా కూరచేప ఎత్తి వేసేవాడు కూడా దొంగను చూసినట్టు చూస్తుండాడు."

"నువ్వు ఉంచుకో. నిన్ను ఎవురొద్దన్నారు."

"నీకు రాయన్నా ఉండాది అత్తా. సారు ఉండాడు, సదువుకున్న కూతురుండాది. కొడుకును అమ్ముకుని పైన పేరు కొనుక్కున్నావు. నాకేముండాది? ఈ గాజులు."

వదిన లేచి లోపలికి పోయి తలుపు మూసుకుంది. పోలేరమ్మ మూసిన తలుపు ముందు కొంచెంసేపు నిలబడింది. నన్ను చూసి, "నువ్వన్నా చెప్పకూడదా మామా," అంది. దారంలో చిక్కు తీస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత రెండు నెలలు ఇద్దరూ ఎదురుపడితే చెరొక పక్కకు తప్పుకున్నారు. ఆ రెండు నెలలూ వదిన ఇంకోలా మారింది. సరిగా తినేది. ఉష సెల్‌ఫోనులో ఆ రాయి తిరిగే బొమ్మ ఉండేది. అందులో సన్నటి గీత మీద చుక్క పాకుతూ పోతుంది. "ఇప్పుడు యాడుండాడు?" అని అడిగేది. ఎక్కడుంది అని కాదు. ఉష చూపించేది. "ఆడ చీకటిగా ఉంటుందా?" "సూర్యుడు కనపడతాడు మా, చిన్నగా." "చలిగా ఉంటుందేమో," అనేది వదిన.

ఒక రోజు పోలేరమ్మ నా దగ్గరికి వచ్చింది. బొట్టు ఉంది. గాజులు కొన్నే ఉన్నాయి.

"నాకూ కట్టు మామా," అంది. బట్టల మూట పక్కన పెట్టింది. "మా అత్త ఏడుస్తుండాది. ఏడవనీ. నేను చెప్పుండాను."

చెంచురామయ్య ఆదివారం పొద్దున కాలుద్దామన్నాడు. శనివారం నేను బొమ్మ కడుతుంటే పరంజ్యోతి సారు బండి వచ్చి ఆగింది. మిఠాయి లేదు. మొహం చూస్తేనే మంచి కబురు కాదని తెలిసింది. ఉష ఇంట్లోనే ఉంది. సారు అరుగు మీద కూర్చోలేదు, నిలబడే మాట్లాడాడు.

రాయికి నంబరు వచ్చింది. దారి ఖాయమయింది. దారి ఖాయమయింది గనుక, వెనక్కు లెక్కవేసి పాత ఫోటోలన్నీ వెతికారు. ఉష చూడకముందు ఎన్నో ఏళ్ళ కిందట ఒక పెద్ద దుర్భిణి వాళ్ళకు అది వరసగా రెండు రాత్రులు కనపడింది. వాళ్ళు అప్పుడే రాసి పంపారు. మూడో రాత్రికి దొరకలేదు, వదిలేశారు. ఆ రాయీ ఈ రాయీ ఒకటేనని ఇప్పుడు తేలింది.

"నిబంధన ప్రకారం మొదట చూసింది వాళ్ళమ్మా. ఉష పేరు చూసినవాళ్ళలో ఉంటుంది. కనిపెట్టింది మాత్రం వాళ్ళని రాస్తారు."

"మరి నా కొడుకు పేరు?"

"పెట్టే హక్కు వాళ్ళకే దక్కింది."

"వాళ్ళను అడగండి సారూ. కాళ్ళు పట్టుకుంటామని రాయండి."

"రాశానమ్మా. జవాబు రాలేదు. వాళ్ళకు ఇలాంటి రాళ్ళు వేలల్లో ఉన్నాయి. చాలావాటికి పేరే పెట్టరు. నంబరుతోనే ఉంటాయి."

"పేరు లేకుండానే తిరుగుతుందా?"

"అలాగే తిరుగుతుంది. ఇంక దాన్ని ఎవరూ ప్రత్యేకంగా చూడాల్సిన పని కూడా ఉండదు. ఎప్పుడెక్కడుంటుందో లెక్కలో తెలిసిపోయింది."

వదిన స్తంభం పట్టుకుంది.

"సారూ," అంది. "నేను వాణ్ణి కాల్చినాను గదా."

"పేరు అనుకోమన్నాను గానీ, ఇదంతా ఉంటుందని నాకు..." అన్నాడు సారు. ఉష అతన్ని బండి దాకా సాగనంపింది. తిరిగి వచ్చి తల్లి పక్కన కూర్చుంది. వదిన ఆ పిల్లను తిట్టలేదు, కొట్టలేదు. అరుగు మీద నేను సగం కట్టిన కామాక్షయ్య బొమ్మను చూస్తూ ఉండిపోయింది.

చీకటి పడకముందే చెంచురామయ్య ఇంటికి పోయింది. నేనూ వెంట పోయాను.

"పెద్దాయనా, పేరు కోసరం కాల్చినాను. పేరు రాలేదు. కాల్చింది వెనక్కు తీసుకోవచ్చా?"

చెంచురామయ్య చెడ్డవాడు కాదు. ఆమెను కూర్చోమన్నాడు. "అట్టాంటిది లేదమ్మా. వాడే నడిచొచ్చి నిలబడితే అది వేరే సంగతి. రాయి మనదయినా కాకపోయినా, తల్లి నోటితో చెప్పిన మాట చెప్పినట్టే."

ఆదివారం పొద్దున ఒడ్డుకు జనం వచ్చారు. బొమ్మను ఇసుక మీద పడుకోబెట్టాను. కామాక్షయ్య తెల్ల చొక్కా తొడిగాను, పెళ్ళికి కుట్టించుకున్నది. పోలేరమ్మ తల విరబోసుకుని కూర్చుని ఉంది. కామాక్షయ్య తల్లిని ఇద్దరు ఆడవాళ్ళు పక్కన పట్టుకుని ఉన్నారు. నేను అగ్గిపెట్టె కామాక్షయ్య తమ్ముడి చేతికి ఇవ్వబోతుంటే వదిన జనాన్ని తోసుకుని వచ్చింది.

"ఆపండి. పోలేరీ, ఆపమ్మే. నాది తప్పు."

అందరూ ఆమె వైపు తిరిగారు. వదిన ఇసుకలో పోలేరమ్మ ముందు కూర్చుంది.

"ఆ రాయి మనది కాదంట. ఎవురో ముందే చూసినారంట. నేను ఊరికెనే కాల్చినాను. రైల్లో వాళ్ళకేం తెలుసమ్మే, నువ్వు ఆ రోజే చెప్పినావు. నా నోటితో నేను చెప్పేసినాను, నాకింక దారి లేదు. నువ్వు చెప్పబాక. నువ్వన్నా ఉంచుకో. నీ వాడు ఉంటే పడవ ఉన్నట్టే గదా. పడవ ఉంటే..."

పోలేరమ్మ ఆమెను చూసింది. కోపంగా చూస్తుందనుకున్నాను. అలా చూడలేదు.

"అత్తా, నేను మామకు బట్టలిచ్చిన రోజు నాకు నిద్ర పట్టింది," అంది. "వాడు పోయినప్పటి నుంచి ఒక్కరోజు కూడా తెల్లారిందాకా పడుకోలేదు నేను. ఏ బండి ఆగినా లేచేదాన్ని. కుక్క మొరిగినా లేచేదాన్ని. ఆ రోజు పడుకున్నాను. లేచేసరికి ఎండ మొహాన పడుతుండాది."

"అమ్మే, నా మాట విను..."

"ఇంక నన్ను లేపబాక అత్తా. నీ కాళ్ళకు దణ్ణం పెడతాను."

నిజంగానే వంగి వదిన పాదాలు పట్టుకుంది. తర్వాత లేచి, మరిది వైపు చూసి, "పెట్టు అబ్బయా," అంది.

నిప్పు పెట్టాడు. గాలి ఒడ్డు మీది నుంచి సముద్రం వైపు ఉంది, పొగ అటే పోయింది. ముసలామె ఏడుపు తప్ప వేరే చప్పుడు లేదు. ఆడవాళ్ళు పోలేరమ్మ గాజులు అక్కడే పగలగొట్టారు. ఆమె చెయ్యి చాచి పట్టుకుంది, వెనక్కు లాక్కోలేదు.

అంతా అయ్యాక అందరూ నీళ్ళలోకి దిగారు. పోలేరమ్మ తడి చీరతో వెనక్కు వచ్చి వదిన చెయ్యి పట్టుకుంది. "రా అత్తా, మునుగుదాం."

వదిన చెయ్యి విడిపించుకుంది. "నేనెందుకు మునగాల, ఎవురు పోయినారని," అంది.

జనం ఇళ్ళకు పోయారు. ఉష తల్లికి కొంచెం దూరంగా కూర్చుంది. ఎండ ఎక్కింది. బూడిద మీద నీళ్ళు చల్లి, మిగిలిన దర్భ ఏరుకుని నేను వదిన దగ్గరికి పోయాను.

"పోదాం రా వదినా."

"నువ్వు పో చెంగయ్యా," అంది. "నాకు ఈడ పని లేదు. ఇంట్లోనూ పని లేదు."

నేను కూడా అక్కడే కూర్చున్నాను.